తాళం పగిలితేనే బక్షీసు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా నాన్నగారి ఇనప బీరువా తాళంచెవి కనపడలేదు. దేవుడి గూట్లో, పోపుల డబ్బాల వెనక, అమ్మ పాత హ్యాండ్‌బ్యాగుల్లో, ఆఖరికి అటక మీద ఇత్తడి బిందెల్లో కూడా వెతికాం. లేదు. లోపలేమో పొలం కాగితాలు, అమ్మ పట్టుచీరలు, నాన్న చేతిరాతతో ఉన్న జమాఖర్చుల పుస్తకాలు. మా బావగారు దేనికీ ఆలోచించే రకం కాదు. "వెల్డింగు షాపు వాణ్ణి గ్యాస్ కట్టర్ తెమ్మంటే అయిదు నిమిషాల పని" అన్నారు. పట్టుచీరల పక్కన గ్యాస్ కట్టర్ అనేసరికి అమ్మ మొహం మారిపోయింది. అది చూసి నేను బండేసుకుని బస్టాండు దగ్గరికి పోయా.

అక్కడ గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే మనిషి ఒకడుంటాడు. వచ్చాడు, చూశాడు. ఇంకా పళ్ళు కొయ్యని ఒక చెవిని కన్నంలో పెట్టి అటూ ఇటూ కదిపాడు. బయటికి తీసి వెలుతుర్లో దాని మీద పడ్డ గీతలు చూశాడు. ఆకురాయితో రెండు రుద్దులు రుద్దాడు. మళ్ళీ పెట్టాడు, తీశాడు, చూశాడు, రుద్దాడు. పన్నెండు నిమిషాలకి టక్కున బీరువా తెరుచుకుంది. రంగు మీద గీత కూడా పడలేదు. పైగా కొత్త తాళంచెవి చేతికొచ్చింది.

అయిదొందలన్నాడు. "పది నిమిషాల పనికి అయిదొందలా?" అన్నాన్నేను. మూడొందలకి తెగింది. డబ్బులు జేబులో పెట్టుకుంటూ నవ్వాడు. "పోయిన వారం ఒకాయన ఇంటికెళ్ళా సార్. తాళం తుప్పు పట్టిపోయింది, మూడు గంటలు కుస్తీ పట్టినా రాలేదు. చివరికి గడియ విరగ్గొట్టా, తలుపు కొంచెం చీలింది కూడా. ఆయన వెయ్యిచ్చి, టీ ఇప్పించి, పాపం చాలా కష్టపడ్డావయ్యా అన్నాడు. మీదేమో పాడు చెయ్యకుండా తీశా, అందుకే బేరం!"

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. హైదరాబాదు తిరిగొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. కాస్త చరిత్ర తవ్వితే తేలిందేమిటంటే, ఈ జోకు మా బస్టాండుది కాదు, తాళాల వృత్తి మొత్తానిది. అమెరికా ప్రొఫెసరు డాన్ ఏరియలీ కూడా తనకి ఒక తాళాల మిస్త్రీ చెప్పాడంటూ దాదాపు ఇదే కథ రాశాడు. పని నేర్చుకునే రోజుల్లో ఆ మిస్త్రీకి తలుపు తెరవడానికి బోలెడంత సేపు పట్టేది, తాళం కూడా తరచూ విరిగేది. జనం ఆ కొత్త తాళానికీ డబ్బులిచ్చి, పైన బక్షీసు కూడా ఇచ్చేవాళ్ళు. పని బాగా వచ్చాక నిమిషాల్లో తెరిచేస్తే బక్షీసు పోయింది, "ఇంత చిన్న పనికి ఇంత డబ్బా" అని గొడవ మొదలైంది.

అంటే మనం డబ్బులిచ్చేది పనితనానికి కాదన్నమాట, శబ్దానికి! సరే, ఎప్పుడూ ఇంతేనా? పగలగొట్టకుండా తెరిచినవాడికి ప్రపంచం నిజంగా దండ వేసిన సందర్భం ఒకటైనా ఉందా అని చూస్తే ఒకటి దొరికింది. దాని కోసం 1851 లండన్‌కి వెళ్ళాలి.

ఆ ఏడు మే 1న హైడ్ పార్కులో గ్రేట్ ఎగ్జిబిషన్ మొదలైంది. క్రిస్టల్ ప్యాలెస్ అని ఇనుమూ గాజూ కలిపి కట్టిన పెద్ద భవనం, అందులో ప్రపంచంలోని యంత్రాలూ వస్తువులూ. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ కూడా అక్కడే ప్రదర్శనకి పెట్టారు. దానికి కాపలా పంజరం తయారు చేసింది చబ్ కంపెనీ. అంటే తాళాల్లో ఆ కాలపు దొరగారు.

చబ్ తాళం కథ కూడా చెప్పుకోవాలి. 1817లో పోర్ట్స్‌మత్ ఓడరేవు డాక్‌యార్డులో దొంగతనం జరిగింది. దొంగలకి లొంగని తాళం చేసినవాళ్ళకి 100 పౌన్లిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 1818లో జెరెమయా చబ్ 'డిటెక్టర్ లాక్' పేటెంటు చేశాడు. లోపల కొన్ని మీటలుంటాయి. సరైన తాళంచెవి ప్రతి మీటనీ ఎంత ఎత్తాలో అంతే ఎత్తుతుంది. దొంగ ఏ మీటనైనా కాస్త ఎక్కువ ఎత్తాడా, తాళం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి తన తాళంచెవి పెట్టగానే అది తిరగదు, ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. తరవాత మెరుగుపరిచిన రకంలో అయితే ఒకసారి వెనక్కి తిప్పితే మళ్ళీ మామూలు. మన భాషలో చెప్పాలంటే తప్పు పాస్‌వర్డుకి అకౌంట్ లాక్ చేసి, ఓనరుకి అలర్టు పంపే సిస్టమ్. 1818లో!

పోర్ట్స్‌మత్‌లో ఓడల మీద ఖైదీలని ఉంచేవారు. వాళ్ళలో వృత్తిరీత్యా తాళాల మిస్త్రీ అయిన ఒకడికి ఈ తాళం ఇచ్చి, తెరిస్తే క్షమాభిక్ష, పైన డబ్బు అని ఆశ పెట్టారు. వారాల తరబడి కుస్తీ పట్టి చేతులెత్తేశాడు. చబ్‌కి ఇంతకంటే ఏం ప్రచారం కావాలి?

ఇంకో దొర బ్రామా. జోసెఫ్ బ్రామా 1784లో తన తాళం పేటెంటు చేశాడు. 1790 ప్రాంతంలో పికడిల్లీలోని తన షాపు కిటికీలో ఒక తాళం వేలాడదీసి, దీన్ని తెరిచే పనిముట్టు తయారు చేసినవాడికి అక్కడికక్కడే 200 గినీలు అని బోర్డు రాయించాడు. గినీ అంటే 21 షిల్లింగులు, కాబట్టి 210 పౌన్లు. ఆ తాళం చేసింది హెన్రీ మాడ్‌స్లీ, తరవాత మెషిన్ టూల్స్ చరిత్రలో పెద్ద పేరు. ఆ తాళం అలా అరవై ఏళ్ళు కిటికీలో వేలాడింది. బ్రామా పోయాడు, కొడుకులొచ్చారు, తాళం మాత్రం తెరుచుకోలేదు.

అప్పుడొచ్చాడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్. బోస్టన్‌లో పుట్టిన మనిషి, న్యూయార్కులో డే అండ్ న్యూవెల్ అనే తాళాల కంపెనీ సేల్స్‌మన్. ఈయన అమ్మే పద్ధతి తమాషాగా ఉంటుంది. బ్యాంకుకి వెళ్ళి, వాళ్ళ తాళాన్ని వాళ్ళ కళ్ళ ముందే తెరిచి చూపించి, ఆ తరవాత తన తాళం బయటికి తీసేవాడు. ఇంతకంటే మంచి డెమో ఉంటుందా?

1851 జులై 22న వెస్ట్‌మినిస్టర్‌లోని గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో ఒక ఇంటి స్ట్రాంగ్ రూము తలుపుకున్న చబ్ తాళాన్ని సాక్షుల ముందు తెరిచాడు. పట్టిన సమయం 25 నిమిషాలు. తరవాత 7 నిమిషాల్లో మళ్ళీ వేసేశాడు కూడా. అసలు కిటుకేమిటంటే ఆయన చబ్ డిటెక్టర్‌ని చూసి భయపడలేదు, దాన్నే గూఢచారిగా వాడుకున్నాడు. మీట ఎక్కువ ఎత్తితే తాళం బిగుసుకుంటుందంటే, ఎంత ఎత్తితే ఎక్కువో తాళమే చెబుతోందన్నమాట! బిగుసుకోగానే వెనక్కి తిప్పి సరి చెయ్యడం, మళ్ళీ ప్రయత్నించడం. 'యూజర్‌నేమ్ సరైందే, పాస్‌వర్డే తప్పు' అని వినయంగా చెప్పే లాగిన్ పేజీలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

తరవాత బ్రామా. ఇక్కడ షరతులు గట్టివి. తాళాన్ని చెక్కల మధ్య బిగించి, కన్నం మాత్రం కనపడేలా పెట్టారు. గడువు 30 రోజులు. తీర్పు చెప్పడానికి మధ్యవర్తులు. తాళానికి ఏ దెబ్బా తగలకూడదు. హాబ్స్ 16 రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని ఆగస్టులో దాన్ని తెరిచాడు. మధ్యవర్తులు తాళం పాడవలేదని చూసుకుని ఆయన నెగ్గాడని తేల్చారు. బ్రామా కంపెనీ 200 గినీలూ ఇచ్చింది, కాకపోతే గొణుక్కుంటూ ఇచ్చింది. ఏ దొంగైనా చెక్కకి పనిముట్లు బిగించుకుని పదహారు రోజులు కూర్చుంటాడా, ఇదేం తెరవడం అని వాళ్ళ వాదన. వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ బోర్డు మీద 'పదహారు రోజుల్లోపు' అని రాయలేదుగా!

నన్ను ఆపేసింది మాత్రం ఆ షరతే. పగలగొట్టకూడదు. లండన్‌లో ఆ తాళాన్ని సుత్తితో పగలగొట్టగలవాళ్ళు వీధికొకడుంటాడు. సుత్తి పని రుజువు చేసేది ఒక్కటే, ఇనుము కంటే సుత్తి గట్టిదని. పాడు చెయ్యకుండా తెరిస్తేనే ఆ తాళం ఎక్కడ తప్పు చేసిందో తెలుస్తుంది. ఆ వేసవిలో అది అందరికీ అర్థమైంది కాబట్టే గెలిచినవాడికి డబ్బూ పేరూ రెండూ వచ్చాయి.

అయితే పూర్తిగా అర్థమయిందనుకుంటే పొరపాటు. ఇలాంటి లోపాలు నలుగురి ముందూ చర్చిస్తే దొంగలకి పాఠం చెప్పినట్టే కదా అని అప్పట్లోనే పెద్ద గొడవ నడిచింది. 1853లో వచ్చిన తాళాల పుస్తకంలో హాబ్స్ వైపు జవాబు సూటిగా ఉంది: దొంగలకి ఈ విద్య ఎప్పుడో తెలుసు, తెలియనిది కొనుక్కునేవాళ్ళకే. సెక్యూరిటీ బగ్ బయటపెట్టాలా వద్దా అని మనం ఈరోజుకీ కొట్టుకుంటున్న వాదన ఇదే. అన్నట్టు 1854లో చబ్ కంపెనీ మిస్త్రీ ఒకడు హాబ్స్ తాళాన్ని తెరిచి లెక్క సరి చేశాడు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా.

తరవాతి కాలంలో సేఫులకి డయల్ కాంబినేషన్లొచ్చాయి. దొంగలు క్యాషియర్లని ఇళ్ళల్లోంచి పట్టుకొచ్చి నంబరు చెప్పిస్తుంటే, 1873లో జేమ్స్ సార్జెంట్ టైమ్ లాక్ తెచ్చాడు. పొద్దున ఫలానా గంట దాకా మేనేజరు వచ్చినా తెరుచుకోదు. లోపల గడియారాలు ఒకటి కాదు, రెండో మూడో పెడతారు. ఎందుకంటే ఉన్న ఒక్కటీ ఆగిపోతే బ్యాంకు తన డబ్బుని తానే తీసుకోలేదు, తలుపుకి కన్నం వెయ్యాల్సిందే. ఆ కన్నం వెయ్యడం కూడా వినోదం కాదు. మంచి సేఫుల తలుపులో ఒక గాజు పలక దాచి ఉంటుంది. డ్రిల్లు దానికి తగిలిందా, గాజు పగిలి, దాన్ని పట్టుకుని ఉన్న స్ప్రింగులు వదులుకుని, అదనపు గడియలు పడిపోతాయి. ఇప్పుడు అసలు నంబరు దొరికినా తలుపు రాదు. అందుకే ఈ వృత్తిలోవాళ్ళ జోకుల్లో సగం దొంగల మీద ఉండవు, మా బావగారి లాంటివాళ్ళ మీద ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో రిపేరు షాపుల్లో సరదాగా ఒక రేట్ల బోర్డు పెడుతుంటారు. మేం చేస్తే ఇంత, మీరు పక్కన నిలబడి చూస్తే ఇంకొంచెం, సాయం చేస్తే ఇంకా ఎక్కువ, ముందే మీరు ప్రయత్నించి ఉంటే అన్నిటికంటే ఎక్కువ అని. ప్రొడక్షన్ సర్వర్ మీద "నేనొక చిన్న మార్పు చేసి చూశా" అన్నవాళ్ళ ఫోను అర్ధరాత్రి ఎత్తినవాళ్ళెవరూ ఈ బోర్డు చూసి నవ్వకుండా ఉండలేరు.

శబ్దానికే విలువని కనిపెట్టి, దాన్ని హాయిగా వాడుకున్న మనిషి ఇంకొకాయన ఉన్నాడు. రిచర్డ్ ఫైన్‌మన్. అణుబాంబు తయారుచేస్తున్న రోజుల్లో లాస్ అలమోస్‌లో రహస్య కాగితాలు కాంబినేషన్ తాళాలున్న బీరువాల్లో ఉండేవి. డయల్ మీద 0 నుంచి 99 దాకా అంకెలు, మూడు నంబర్లు, అంటే పైకి పది లక్షల అవకాశాలు. కానీ ఆ తాళానికి రెండంకెలు అటూ ఇటూ అయినా సరిపోయేదని ఆయన కనిపెట్టాడు. కాబట్టి వందకి బదులు ఇరవై ప్రయత్నిస్తే చాలు, పది లక్షలు కాస్తా 8000 అయ్యాయి. పైగా సొరుగు తెరిచి ఉన్నప్పుడు కబుర్లు చెబుతూ తాళాన్ని తడుముతూ చివరి రెండు నంబర్లు పట్టేసేవాడు. అవి రాసి పెట్టుకునేవాడు. ఇక మిగిలింది ఇరవై ప్రయత్నాలు.

అత్యవసరంగా ఏ బీరువా అయినా తెరవమంటే ఫైన్‌మన్ ఏం చేసేవాడో తెలుసా? గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, రెండు నిమిషాల్లో తెరిచి, మిగతా పావుగంట పత్రిక చదువుకుంటూ కూర్చునేవాడు! వెంటనే బయటికొస్తే అందులో ఏదో కిటుకుందని తెలిసిపోతుందిగా. మా బస్టాండు మనిషికి తెలియని విద్య ఇదొక్కటే. బీరువా దగ్గర ఇంకో గంట చెమట తుడుచుకుని ఉంటే నేను అడిగినంతా ఇచ్చేవాణ్ణి.

ఫైన్‌మన్ ఒక కల్నల్‌కి, సొరుగులు తెరిచి పెట్టుకుంటే ప్రమాదమని మర్యాదగా వివరించాడు. ఆ కల్నల్ సొరుగులు మూయించలేదు. ఫైన్‌మన్ ఎవరెవరి గదికి వచ్చాడో వాళ్ళంతా నంబర్లు మార్చుకోండని సర్క్యులర్ తీశాడు. తప్పు చూపించినవాడే తప్పన్నమాట. బగ్ రిపోర్టు చేసిన టెస్టరు మీద విసుక్కునే మనకిది కొత్తేం కాదు.

అక్కడే ఒక కెప్టెన్ తనకోసం పెద్ద సేఫు తెప్పించుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాక దాన్ని తెరవాల్సి వచ్చింది, తాళాల మిస్త్రీ తెరిచాడు. ఈయన నిజమైన విద్వాంసుడని ఫైన్‌మన్ ఆయనతో మెల్లగా స్నేహం చేసి రహస్యం అడిగాడు. ఆ మిస్త్రీ చెప్పింది విని తెల్లబోయాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆ తాళాల నంబరు 25-0-25 గానీ 50-25-50 గానీ ఉంటుంది. కెప్టెన్ మార్చి ఉండడేమోనని ప్రయత్నిస్తే రెండోది పనిచేసింది, అంతే! ఫైన్‌మన్ తరవాత అక్కడి బీరువాలన్నీ ప్రయత్నించి చూస్తే సుమారు అయిదింట ఒకటి అలాగే తెరుచుకుందట. ఈ కథంతా 1985లో వచ్చిన 'ష్యూర్లీ యు ఆర్ జోకింగ్, మిస్టర్ ఫైన్‌మన్' పుస్తకంలో ఉంది. 'అడ్మిన్, అడ్మిన్' అని కొట్టగానే రౌటర్ తెరుచుకున్న అనుభవం ఉన్నవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి :-)

పగలగొట్టడం ఎప్పుడూ తప్పేనని నేననను. మన పక్కనే పూరీ జగన్నాథుడి రత్నభండారం చూడండి. లోపలి గదిలో నగల పూర్తి లెక్క 1978లో తీశారు. 2018 ఏప్రిల్‌లో పరిశీలనకి వెళ్తే ఆ గది తాళంచెవులు లేవని తేలింది. రాష్ట్రమంతా గోల. కొన్నాళ్ళకి కలెక్టర్ ఆఫీసులో మారు తాళంచెవులు అని రాసి ఉన్న కవరు దొరికింది. అమ్మయ్య అనుకున్నారు. 2024 జులై 14న తీసుకెళ్ళి పెడితే మూడు తాళాల్లో ఒక్కటీ తెరుచుకోలేదు! ముందే రాసుకున్న నియమాల ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట తాళాలు కోసి, పని చూసుకుని, కొత్త తాళాలేసి సీలు చేశారు. ఎన్నడూ రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదని మనకి ట్రైనింగులో చెబుతారు, ఆ కవరు చూస్తే తెలుస్తుంది ఎందుకో. అయినా అది పద్ధతైన పగలగొట్టడం. ముందు తాళంచెవి ప్రయత్నించారు, సాక్షి ఉన్నాడు, కాగితం ఉంది. గొప్ప చెప్పుకోలేదు, బక్షీసూ అడగలేదు.

నా గొడవ గొప్ప చెప్పుకునే పగలగొట్టడంతోనే. మా టీములో ఒకమ్మాయి ఉంది. సర్టిఫికెట్లు ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతాయో ఒక పట్టిక పెట్టుకుని, ప్రతిదీ నెల ముందే మారుస్తుంది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఏమీ ఆగదు. పక్క టీములో ఒక హీరో ఉన్నాడు. పోయినేడు అలాంటిదే ఒకటి మార్చడం మర్చిపోయి, సర్వీసు పడిపోయి, రెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చుని నిలబెట్టాడు. పిజ్జాలొచ్చాయి, అందరికీ మెయిలొచ్చింది, డిసెంబర్లో అవార్డూ వచ్చింది. అప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. మా డామేజర్ని తిట్టుకోవడం తేలికే గానీ, పన్నెండు నిమిషాలకి అయిదొందలా అని బేరమాడింది డామేజరు కాదు, నేను.

నెల క్రితం అప్రైజల్ మీటింగులో ఆ అమ్మాయి పేరు చెప్పాను. "ఏం చేసింది?" అనడిగారు. "ఏడాదంతా ఏదీ పగలనివ్వలేదు" అన్నా. "అది సరే, చేసిందేమిటి?" అని మళ్ళీ అడిగారు. నా దగ్గర చూపించడానికి విరిగిన గడియ ఒక్కటీ లేదు. అందుకని ఆవిడ పట్టికే తెరిచి, అందులో ఏ ఏ తేదీల్లో మనం పడిపోయి ఉండేవాళ్ళమో ఒక్కొక్కటిగా చదివాను. మొత్తం పద్నాలుగు తేదీలు. ఆరో తేదీ దగ్గర డామేజరు ఫోను పక్కన పెట్టాడు. రేటింగు ఏమిస్తారో ఇంకా తెలియదు.

ఉగాదికి ఊరెళ్తే ఆ గొడుగు దగ్గర ఆగాలి. రెండొందలు బాకీ ఉన్నాను.